ఆయన పేరు రాసిన డబ్బా

జనవరి 9

డబ్బా మళ్లీ వెనక్కి వచ్చింది. ఇది రెండోసారి. ల్యాబు కిటికీలోని అమ్మాయి దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఇది ఉమ్మండీ. కళ్లె కావాలి. ఛాతీ లోపల్నించి రావాలి" అంది, వెనక అంతమంది వరసలో నిలబడి ఉండగా. మా ఆయన పరీక్ష తప్పిన కుర్రాడిలా తల దించుకుని పక్కకి జరిగారు. నాకు ఒళ్లు మండింది. రాని దాన్ని మనిషి ఎక్కణ్ణించి తెస్తాడు?

దగ్గు కొత్తదేం కాదు. చిన్నప్పుడు న్యుమోనియా వచ్చి కుడి ఊపిరితిత్తిలో ఒక మచ్చ మిగిలిపోయిందట. చలి పెడితే దగ్గు వచ్చేది, ఎండ కాస్తే పోయేది. ఈసారి రావడమే గాని పోవడం లేదు. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ ముక్కుసూటిగా చెప్పింది: "ఆ మచ్చ ఉన్నచోట ఏదో కాపురం పెట్టింది. టీబీ కావచ్చు, ఫంగస్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఒకదానికి వాడే మందు ఇంకోదానికి పనిచెయ్యదు. కఫం చూస్తే గాని అదేదో చెప్పలేను. పొద్దున లేవగానే వచ్చేది తెండి."

ఆయనది పొడి దగ్గు. ఇల్లు అదిరిపోయేలా దగ్గుతారు, చివరికి డబ్బాలో పడేది ఇంత నురుగు. రిపోర్టు తెచ్చేదాకా పనికి రావద్దని లైబ్రరీ వాళ్లు చెప్పేశారు. బైండింగ్ గదిలో సూదీ దారం పట్టుకోకపోతే ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఇంట్లో పాత క్యాలెండర్లకి అట్టలు వేస్తున్నారు.

జనవరి 11

ఇవాళ్టి విన్యాసాలు: దుప్పటి కప్పుకుని ఆవిరి. తల మంచం కిందికి, కాళ్లు దిండు మీదికి. నేను వీపు మీద దబదబా చరచడం. "పగ తీర్చుకుంటున్నావా?" అన్నారాయన తలకిందులుగానే.

మా అమ్మాయిని ఇంట్లో లాయరు అంటాం. ప్రశ్న వేసిందంటే జవాబు వచ్చేదాకా వదలదు. అది గుమ్మంలో నిలబడి, "నాన్నా, మీ దగ్గర ఏం లేదేమో. లేకపోతే మంచిదే కదా?" అంది.

"లేదని కూడా వాళ్లే చెప్పాలటమ్మా. అది చెప్పడానికీ కళ్లె కావాలట."

ముగ్గురం నవ్వాం. నవ్వితే ఆయనకి దగ్గు, నాకూ దగ్గు. నాది క్రెష్‌లో పిల్లలు అంటించిన జలుబు. చుట్టూ అన్ని కారే ముక్కులుంటే ఆయాకి జలుబు రాకుండా ఎలా ఉంటుంది? వానలప్పుడు పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

జనవరి 13

ఒక పిచ్చి పని చేశాను. రాసుకుంటేనన్నా గుండె దడ తగ్గుతుందేమో.

పొద్దున ఆయన బాల్కనీలో దగ్గి దగ్గి, డబ్బా వాష్‌బేసిన్ మీద పెట్టి, మొహం వేలాడేసుకుని స్నానానికి వెళ్లారు. చూస్తే మళ్లీ అదే నురుగు. ఇది పట్టుకెళ్తే ఆ కిటికీలో మళ్లీ అదే మాట, మళ్లీ ఆయన తల దించుకోవడం. నాకు పొద్దున్నే గొంతు నిండా కళ్లె వస్తుంది. ఎలాగూ బేసిన్‌లో ఉమ్మేదే. ఆ నురుగు పారబోసి, అదేదో డబ్బాలో ఉమ్మి, మూత బిగించేశాను.

అంతే. రెప్పపాటు పని. క్రెష్‌లో ఏ పిల్లాడు అన్నం వదిలేసినా చివరి ముద్ద నేనే తినేసి, ఖాళీ గిన్నె వాళ్లమ్మకి చూపిస్తాను. ఇదీ అలాంటిదే. నాకే జబ్బూ లేదు కాబట్టి ఏం లేదనే వస్తుంది. ఆయన పనికి వెళ్తారు. దగ్గుకి ఏదో ఒక సీసా రాసిస్తారు.

ఆయన ల్యాబు నుంచి వచ్చేటప్పుడు ఈల వేసుకుంటూ వచ్చారు. "చూశావా! ఆ పిల్ల మారు మాట్లాడకుండా తీసుకుంది. 'ఇదండీ కావాల్సింది' అంది. అంతా పట్టులో ఉంది. పొట్టలోంచి తియ్యాలి." సాయంత్రం దాకా ఆ పట్టు గురించే చెప్పారు. లాయరుకి రెండుసార్లు చేసి చూపించారు.

పాపం.

జనవరి 16

టీబీ ఉందట. ఆయనకి.

జనవరి 16, సాయంత్రం

డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టి మా ఇద్దరికీ చెప్పింది. నాకు కుర్చీ కింద నేల లేనట్టయింది. ఆయన మాత్రం గట్టిగా ఊపిరి వదిలారు. "అమ్మయ్య. ఇన్నాళ్లకి దాని పేరు తెలిసింది. మందుంది కదండీ?" అన్నారు. ఉంది, ఆరు నెలలు మానకుండా మింగితే నయమైపోతుందంది. "కఫం బాగా ఇచ్చారు. అందుకే ఇంత త్వరగా దొరికింది" అని మెచ్చుకుంది కూడా. ఆయన నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేశారు.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. డాక్టరమ్మ నా వైపు చూసి, "మీరు భయపడకండి" అంది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను.

జనవరి 17

నిదానంగా ఆలోచిస్తే ఇందులో తప్పేం లేదు. ఒకే ఇల్లు, ఒకే మంచం, ఒకే గాలి. ఆయన దగ్గు ముందు మొదలైంది, నాది తర్వాత. ఆయనకున్నదే నాకు వచ్చి ఉంటుంది. అంటే రిపోర్టు ఆయనదే. నా గొంతులోంచి వెళ్లినా ఆయన జబ్బే బయటపడింది. లేకపోతే ఇంకో నెల ఆ కిటికీ చుట్టూ తిరుగుతూ ఉండేవాళ్లం. ఒక రకంగా నేను మేలే చేశాను.

నాకుందని ఎవరన్నారు? జలుబు.

జనవరి 19

మాత్రలు మొదలయ్యాయి. మూత్రం నారింజ రంగులో వస్తోందని ఆయన బాత్‌రూమ్‌లోంచే అరిచి చెప్పారు. పక్కింటి వాళ్లకి కూడా వినపడి ఉంటుంది.

మొదట్లో కొన్నాళ్లు రోగిని విడిగా ఉంచమన్నారు. నా పక్క వెనక గదిలోకి మార్చుకున్నాను. మాస్కు పెట్టుకున్నాను. కిటికీ తెరిచే పడుకుంటున్నాను, నాకు ఉక్క ఎక్కువ.

"ఈ చలిలో ఉక్కేంటమ్మా?" అంది లాయరు.

"నీకు పరీక్షలు లేవూ? వెళ్లి చదువుకో."

క్రెష్‌కి సెలవు పెట్టాను. ఆయన్ని చూసుకోవాలి కదా. అందుకే.

జనవరి 23

ఇంట్లో వాళ్లందరూ ఎక్స్‌రే తీయించుకోవాలట. లాయరు తీయించుకుంది, శుభ్రంగా ఉంది. నేను ఆసుపత్రి గేటు దాకా వెళ్లాను. గేటు పక్కన బెంచీ ఉంటుంది. కాసేపు దాని మీద కూర్చుని వచ్చేశాను.

"ఏమన్నారు?" అన్నారాయన.

"బాగానే ఉందన్నారు."

జనవరి 24

బెంచీ మీద కూర్చోవడం కూడా బాగానే ఉంది. అబద్ధం ఎక్కడుంది?

జనవరి 30

వేలికి ఉంగరం నిలవడం లేదు. తీసి బీరువాలో పెట్టాను. సన్నబడితే మంచిదేనంటారు పెద్దవాళ్లు. సాయంత్రాలు కొంచెం ఒళ్లు వెచ్చగా ఉంటోంది. ఇంట్లో రోగి ఉంటే ఎవరికైనా ఒళ్లు అలిసిపోతుంది.

ఫిబ్రవరి 5

డాక్టరమ్మ: "మందు మొదలెట్టి రెండు వారాలు దాటింది. ఇక ఈయన వల్ల ఎవరికీ అంటుకోదు. మాస్కులూ అవీ తీసెయ్యండి. కలిసి తినండి, మామూలుగా ఉండండి."

దారి పొడుగునా ఆయన ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నారు. ఇంటికి రాగానే వెనక గదిలోంచి నా దిండు, దుప్పటి తెచ్చి ఆయన పక్కన వేశారు. గలీబు సరిచేసి, మడతలు చేత్తో నొక్కారు, అట్టకి కాగితం అతికించేటప్పుడు నొక్కినట్టు. నేను వంటింట్లోంచి చూస్తూ నిలబడ్డాను.

ఫిబ్రవరి 6

దిండు వెనక్కి తెచ్చేసుకున్నాను. "మీ దగ్గుకి నాకు నిద్ర పట్టదు" అన్నాను. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆయన తల ఊపారు.

మాస్కు తియ్యలేదు. ఎలా తీస్తాను?

ఫిబ్రవరి 14

నా గ్లాసు విడిగా మరిగించుకుంటున్నాను. ఇవాళ ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి గిన్నెలో మరుగుతున్న నీళ్ల కేసి చూశారు. ఆ గ్లాసు ఎవరిదో అడగలేదు. తనదే అనుకున్నారు. మొహం చూస్తే తెలిసింది.

మధ్యాహ్నం బత్తాయి ఒలిచి తొనలు నాకిచ్చారు. మామూలుగా అయితే ఆయన చేతిలోంచే నోట్లో పెట్టుకుంటాను. "అక్కడ పెట్టండి" అన్నాను. పెట్టారు. అప్పటినుంచి తన పళ్లెం తనే కడుక్కుంటున్నారు. భోజనం బాల్కనీలోకి పట్టుకెళ్లి తింటున్నారు.

వెళ్లి పక్కన కూర్చోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. కూర్చుంటే నా దగ్గు ఆయన మీద పడుతుంది. ఇది రాశాక మళ్లీ చదివాను. పడితే ఏమవుతుంది, నాది జలుబే అయితే?

పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

ఫిబ్రవరి 21

ఆయనకి ఏమాత్రం తగ్గలేదు. డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రేని పాతదాని పక్కన పెట్టి చాలాసేపు చూసింది. "రిపోర్టు ప్రకారం ఇది మందుకి లొంగే రకమే. ఈపాటికి కొంచెమైనా కరగాలి. మాత్రలు మానడం లేదు కదా?"

"ఒక్కటి మానితే ఒట్టు" అన్నారాయన.

"నిజంగా?"

దొంగని అడిగినట్టు అడిగింది. ఆయన మొహం ఎర్రబడింది. "ఈవిడ ముందే మింగుతున్నానండీ. ఈవిణ్ణి అడగండి."

అడిగింది. "మింగుతున్నారు" అన్నాను. ఈ వ్యవహారంలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం.

ఫిబ్రవరి 22

లాయరు: "అమ్మా, నీ ఎక్స్‌రే ఫిల్మ్ ఎక్కడ?"

"ఎక్కడో పెట్టాను."

"నాది బీరువాలో ఉంది. నాన్నవి బీరువాలో ఉన్నాయి."

"అన్నీ నీకు చూపించాలా?"

అది నా మీంచి కళ్లు తిప్పకుండా కాసేపు నిలబడి వెళ్లిపోయింది. దీన్ని లాయరని పిలిచి పెంచింది మేమే.

మార్చి 2

ఆయనకి తిండి సయించడం లేదు. మాత్రల వాసనకే వాంతి వస్తోంది.

మార్చి 4

కళ్లు పచ్చబడ్డాయి. నేను ముందు చూడలేదు. అంత దగ్గరికి వెళ్లడం మానేశాను కదా. లాయరు చూసింది.

మాత్రల వల్ల లివర్ దెబ్బతిందట. అన్నీ ఆపేసి ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆ మాత్రలు ఎవరివి? నేను ఉమ్మిన డబ్బాకి ఇచ్చిన మాత్రలు. నా గొంతులోంచి వచ్చినదాని కోసం ఆయన లివర్ కాలిపోతోంది. ఇంతకన్నా తేలిక మాటల్లో రాయడం నాకు చేతకాదు.

మార్చి 6

పొద్దున దగ్గులో రక్తం పడింది. కొంచెం కాదు. తెల్లటి బేసిన్ ఎర్రగా అయిపోయింది. ఆయన నాకు కనపడకుండా తువ్వాలు అడ్డం పెట్టబోయారు.

డాక్టరమ్మ వరండాలోకి పిలిచి చెప్పింది. రిపోర్టు ఏమన్నా, మందులకి లొంగని మొండి టీబీ అయి ఉంటుందని అనుమానమట. కళ్ల పసుపు కాస్త తగ్గగానే ఇంకా గట్టి మందులు, ఇంజెక్షన్లతో సహా, మొదలుపెడతారట. "లివర్ తట్టుకుంటుందా?" అని అడిగాను. "తట్టుకోవాలి. వేరే దారి లేదు" అంది.

వేరే దారి నా నోట్లో ఉంది.

మార్చి 7

చెప్పేశాను.

డాక్టరమ్మ గదిలో ఇంకెవరూ లేరు. నిలబడే చెప్పాను, కూర్చుంటే మళ్లీ కూర్చుండిపోతానని. "ఆ డబ్బాలోది ఆయనది కాదండీ. నాది." ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. బేసిన్, నురుగు, కిటికీలో అమ్మాయి, అన్నీ. చెప్తుంటే ఎంత చిన్న విషయమో అనిపించింది. చిన్నపిల్లలు చేసే పని.

ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టింది. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండేది. "ఆ శాంపిల్‌ని ఫంగస్ పరీక్షకి కూడా పంపాను. అందులో ఏం లేదని వచ్చింది. అందుకే ఇక ఆ వైపు చూడలేదు" అంది. తర్వాత చాలా నెమ్మదిగా, "నెలన్నర పాటు నేను మీ ఊపిరితిత్తులకి ఆయన చేత మందు తాగించాను" అంది.

ఏడ్చాను. ఏడుపులో దగ్గు వచ్చింది. ఆవిడ లేచి కిటికీ తెరిచి, సొరుగులోంచి కొత్త డబ్బా తీసి, ఈసారి నా పేరు రాసి నా చేతికిచ్చింది.

"మీవారికి నేను చెప్పను. మీరే చెప్పాలి. ఇవాళే."

మార్చి 7, తర్వాత

ఆయన మంచానికి దూరంగా, కిటికీ పక్కన నిలబడి చెప్పాను. ఆయన పచ్చటి కళ్లతో నన్నే చూస్తూ విన్నారు. అంతా అయ్యాక, "అయితే ఆ పట్టు నాది కాదన్నమాట" అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు.

మార్చి 9

నా డబ్బాలో ఉంది. చాలానే ఉందట.

క్రెష్ నడిపే ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. పిల్లలందరికీ పరీక్షలు చేయిస్తారట. పాకడం నేర్చుకుంటున్న బుజ్జిగాడు, బూరెబుగ్గల కవలలు, అందరూ వరసగా కళ్లముందు మెదులుతున్నారు. సెలవు పెట్టి తప్పుకున్నానని నాకు నేను చెప్పుకోబోతే, దానికి ముందు ఎన్ని నెలలు వాళ్ల మొహాల మీద దగ్గానో గుర్తొచ్చింది.

ఆయన చేత మింగించిన మాత్రలే ఇప్పుడు నేను మింగుతున్నాను. ఎంత చేదో తెలిసింది.

మార్చి 13

సన్నటి గొట్టం ముక్కులోంచి దింపి, ఆయన ఊపిరితిత్తిలోంచే నేరుగా తీశారు. ఈసారి ఎవరి చెయ్యీ అడ్డు రాలేదు. ఫంగస్. ఆ పాత మచ్చ గుంటలో ఉండలా పెరిగి కూర్చుంది. టీబీ లేనే లేదు. ఎప్పుడూ లేదు. నాకు ఆయన అంటించింది ఏమీ లేదు.

డాక్టరమ్మ అప్పుడు అడిగిందట, మీరు చేసే పనేమిటని. ఆయన చెప్పారట, లైబ్రరీలో నేలమాళిగ గది, తడిసి బూజు పట్టిన పాత పుస్తకాలు, విప్పి మళ్లీ కుట్టడం. పాత జిగురు ఏ రకమో తెలియాలంటే పుస్తకం వెన్ను చీల్చి ముక్కుకి ఆనించి వాసన పీల్చాలి. ఆయన గురువు అలాగే నేర్పాడు. బైండర్లందరిలో ఈయన ముక్కుకే పేరు. "ఎన్నేళ్లుగా పీలుస్తున్నారు?" అని డాక్టరమ్మ, "పెళ్లికి ముందునుంచీ" అని ఆయన. లాయరు ఇదంతా నాకు ఫోన్లో చెప్పింది, దానికీ ఏడుపు ఆగడం లేదు.

మందుంది. కానీ ఆ మందు కూడా లివర్ మీదే భారం వేస్తుందట. కళ్లు తెల్లబడేదాకా మొదలుపెట్టలేరు. ఈలోగా మళ్లీ రక్తం పడకూడదు. పడితే కష్టం. డాక్టరమ్మ కష్టం అనే అంది, ఇంకో మాట వాడలేదు. జనవరిలోనే తెలిసి ఉంటే ఈపాటికి సగం తగ్గేది.

మార్చి 20

పసుపు తగ్గుముఖం పట్టింది. ఆయన్ని ఇంటికి పంపారు, రెండు రోజులకోసారి రక్తపరీక్ష. నేను వెనక గదిలో; నాది చాలా ఎక్కువ కాబట్టి రెండు వారాలు చాలవట, కళ్లెలో ఇక లేదని తేలేదాకా విడిగానే ఉండాలట. పిల్లల్లో ఇప్పటిదాకా ఎవరికీ లేదు, ఇంకా ముగ్గురివి రావాలి.

ఆయన నాతో మాట్లాడరు. లాయరుని మధ్యలో పెట్టుకుని మాట్లాడతారు. "మీ అమ్మ మాత్ర వేసుకుందేమో కనుక్కో." అది నేను వినేంత దూరంలోనే. లాయరు గదివైపు తిరిగి, "అమ్మా, వేసుకున్నావా?" నేను, "వేసుకున్నానని చెప్పు." ఇంకో రోజైతే ముగ్గురం పగలబడి నవ్వేవాళ్లం.

మార్చి 24

కళ్లు తెల్లబడ్డాయి. ఫంగస్ మందు ఇవాళ మొదలుపెట్టారు. రక్తం మళ్లీ పడలేదు.

మార్చి 26

సాయంత్రం లాయరు బయటికి వెళ్లింది. ఆయన వచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డారు. లుంగీ మీద తెల్ల చొక్కా, బాగా చిక్కిపోయారు. నేను మాస్కు సరిచేసుకున్నాను.

"తిట్టండి" అన్నాను. "ఇన్నాళ్లూ మూగనోము పట్టారు. మీ లివర్ పాడుచేశాను. మీ ప్రాణం మీదికి తెచ్చాను. తిట్టండి, పడతాను."

"లివర్ సంగతి డాక్టరమ్మ చూసుకుంటుంది" అన్నారు. గొంతు బొంగురుగా ఉంది. "డబ్బాలో ఉమ్మావు, సరే. తిక్కదానివి, నేను తల దించుకోవడం చూడలేక చేశావు. అది నాకు తెలుసు. దానికి నాకు కోపం లేదు."

"మరి?"

తలుపు చట్రం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నారు.

"టీబీ అన్నప్పుడు నాకు భయం వెయ్యలేదు. నువ్వు దిండు పట్టుకుపోయినప్పుడు వేసింది. నేనంటే నీకు రోత పుట్టిందనుకున్నాను. అన్నం పళ్లెం పట్టుకుని బాల్కనీలో కూర్చుని, ఇంతకన్నా పోతేనే నయం అనుకునేవాణ్ణి. ఒక్క మాట చెప్పకపోయావా? 'నాకుందేమో, మీకు రాకూడదని దూరంగా ఉంటున్నాను' అని, ఆ ఒక్క ముక్క?"

చెప్పి ఉంటే అంతా చెప్పాల్సి వచ్చేది, అందుకే చెప్పలేదు. అలా అనబోయాను. ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు. ఆయన ఏడవడం మా అమ్మాయి పుట్టినప్పుడు చూశాను, మళ్లీ ఇవాళే.

లేచాను. ఆయన తల పట్టుకుని గుండెకి ఆనించుకోవాలని రెండడుగులు వేశాను. అంతలో దగ్గు తన్నుకొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకుని అక్కడే ఆగి, వెనక్కి జరిగాను. ఆయన గుమ్మం దగ్గరినుంచి కదల్లేదు. ఈసారి నేనెందుకు ఆగిపోయానో ఆయనకి తెలుసు.